ఆసుపత్రి నాణ్యతకు కొలమానం ఏది?

చిల్లకూరు: తమ్మినపట్నం వంటి తీర గ్రామంలో అర్ధరాత్రి పురిటినొప్పులు మొదలైతే ఆ కుటుంబం ముందుండే ప్రశ్న ఒక్కటే. ఎక్కడికి తీసుకెళ్తే తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరతారు? గూడూరా, నెల్లూరా అన్నది తేల్చుకోవడానికి చాలామందికి నలుగురూ చెప్పే మాటే ఆధారం. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల సేవలను అంకెల్లో కొలిచే విధానం దేశంలో 2013లోనే రూపుదిద్దుకుంది. ఆ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో ప్రజలు తెలుసుకోవడం అవసరం.

మార్కులు ఇలా..
ఎన్‌క్వాస్‌గా పిలిచే జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో 8 అంశాలున్నాయి. అందించే సేవలు, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, చికిత్స, ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు. తనిఖీ బృందం వార్డులను స్వయంగా పరిశీలిస్తుంది. రికార్డులు తిరగేస్తుంది. సిబ్బందితో, రోగులతో మాట్లాడుతుంది. ప్రమాణం పూర్తిగా పాటిస్తే 2 మార్కులు, పాక్షికంగా పాటిస్తే 1, లేకుంటే సున్నా. ధ్రువపత్రం దక్కాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం సాధించాలి. పరిశుభ్రతకు 2015లో కాయకల్ప, ప్రసూతి గదుల మెరుగుదలకు 2017లో లక్ష్య కార్యక్రమాలు మొదలయ్యాయి.

ధ్రువపత్రంతో ఆగిపోతే..
తనిఖీ రోజు కనిపించేది ఆ రోజు స్థితి మాత్రమే. నిరంతర మెరుగుదల అంటే లోపాన్ని గుర్తించడం, చిన్న మార్పు చేయడం, ఫలితం లెక్కించడం, పనిచేస్తే దాన్ని నిత్య పద్ధతిగా మార్చడం. అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950 నుంచి జపాన్ పరిశ్రమలకు బోధించిన ఈ సూత్రమే తర్వాత ఆసుపత్రులకూ చేరింది. ఉదాహరణకు కాన్పు పురోగతిని నమోదు చేసే పార్టోగ్రాఫ్‌ను ఒక నెలలో పది కాన్పుల్లో ఆరింటికే నింపారనుకుందాం. రాత్రి విధుల్లో లోపం ఉన్నట్లు తేలితే అక్కడే సరిదిద్దాలి. మరుసటి నెల ఎనిమిదికి, ఆపై తొమ్మిదికి చేరి, ఏడాది తర్వాతా అక్కడే నిలిస్తే అది అసలైన మెరుగుదల.

అంకెలతో జాగ్రత్త
అంకెలు పొరబాటు దారి పట్టించే ప్రమాదమూ ఉంది. క్లిష్టమైన కేసులన్నింటినీ పెద్దాసుపత్రికి పంపేస్తే ఇక్కడ మరణాలు తగ్గినట్లే కనిపిస్తాయి. అందుకే మరణాల సంఖ్యను రిఫరల్ సంఖ్యతో కలిపి చూడాలి. మరోవైపు, శస్త్రచికిత్స తర్వాత సోకే ఇన్‌ఫెక్షన్లను నిజాయతీగా నమోదు చేయడం మొదలుపెట్టిన ఆసుపత్రిలో తొలి నెలల్లో ఆ సంఖ్య పెరగవచ్చు. దాన్ని వైఫల్యంగా చూసి సిబ్బందిని దండిస్తే తర్వాత సరైన లెక్క రాదు.

ప్రజలు అడగాల్సినవి
ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల్లో భవనాలు, పరికరాల ప్రస్తావనతో సరిపెట్టకుండా మూడు ప్రశ్నలు వేయాలి. గత తనిఖీలో తేలిన లోపాల్లో ఎన్ని సరిదిద్దారు? రోగులు ఎంతసేపు నిరీక్షిస్తున్నారు? రాత్రివేళ ఎందరిని, ఏ కారణంతో మరో ఆసుపత్రికి పంపారు? వీటికి నెలవారీ లెక్కతో సమాధానం చెప్పగలిగితే ఆ ఆసుపత్రి తనను తాను కొలుచుకుంటున్నట్లే. అర్ధరాత్రి తలుపు తట్టే గర్భిణికి గోడ మీది ధ్రువపత్రం కన్నా ఆ లెక్కే ఎక్కువ భరోసా.