దినచర్యయే చరిత్ర

రాజుల విజయములను శాసనములు చెప్పును. నిత్యజీవనమును వ్రాసి యుంచువారు అరుదు. అట్టివారిలో నొకరు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాషీగా నుండిన వారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. మార్గమందలి మజిలీలు, నీటివసతి, ఆచారములు ఎప్పటికప్పుడు వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారికి పంపుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు గతించినను, మిత్రులు దాచిన ఆ వ్రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడెను. వ్రాసినవారొకరు, దాచినవారొకరు, లాభము చదువరులది.

గ్రంథాలయపు చిట్టాలో పుస్తకము కొనిపోయినవారి పేరు, తేదీ యుండును. అది చదివి పొందిన ఆనందము చిట్టాకెక్కదు. చదివిన గ్రంథమును, చూచిన చలనచిత్రమును గూర్చి తేదీతో రెండు పంక్తులు ఎవరికివారు వ్రాసి దాచినచో, కొల్లేటి చెంతనున్న ఈ గుండుగొలనుకు అదియే రేపటి చరిత్ర.