అంట్లు తోమే యంత్రం ఎందుకు మొరాయిస్తుంది?

గిన్నెలు కడిగే యంత్రాల తొలి పేటెంట్లలో ఒకటి 1850లో అమెరికాలో జోయెల్ హౌటన్ అనే ఆయనకు లభించింది. ఒక చెక్క తొట్టి, చేత్తో తిప్పే చక్రం, అది తిరిగినప్పుడు గిన్నెల మీదికి చిమ్మే నీళ్ళు - ఇంతే దాని నిర్మాణం. గిన్నెలు తడిశాయి గాని శుభ్రపడలేదు. సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులో జాన్ థామస్ వే అనే రసాయన శాస్త్రవేత్త పొలం మట్టి మీద చేసిన ప్రయోగాలను ప్రకటించాడు. అమ్మోనియం లవణాలు కలిపిన నీటిని మట్టి గుండా పోస్తే, అమ్మోనియాను మట్టి పట్టుకుని దానికి బదులుగా కాల్షియంను నీటిలోకి వదులుతుందని ఆయన చూపాడు. అంతకుముందే హారీ థాంప్సన్ అనే భూస్వామి ఈ సంగతిని గమనించి ఆయన దృష్టికి తెచ్చాడు.

మట్టికీ అంట్లకీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. యంత్రం సవ్యంగా నడిచినంత కాలం ఆ సంబంధం కంటికి కనిపించదు. కడిగిన గాజు గ్లాసు మీద తెల్లటి పొర కనిపించిన రోజున తెలుస్తుంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. హౌటన్ తరువాత పదిహేనేళ్ళకు, అంటే 1865లో, ఎల్.ఎ. అలెగ్జాండర్ అనే ఆయన పళ్ళ చక్రాలతో గిన్నెలనే నీటి తొట్టిలో తిప్పే యంత్రం చేశాడు. అదీ నిలవలేదు. పని చేసే యంత్రం అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షెల్బీవిల్ అనే చిన్న ఊళ్ళో తయారైంది. దాన్ని రూపొందించిన ఆమె పేరు జోసెఫిన్ కొక్రేన్. పనివాళ్ళు కడిగేటప్పుడు తన ఖరీదైన పింగాణీ పళ్ళేల అంచులు విరుగుతున్నాయని విసిగిపోయి ఆమె ఈ పనికి పూనుకుందని అందరూ చెబుతారు. ఆమె భర్త 1883లో అప్పులు మిగిల్చి చనిపోయాడన్న సంగతిని మాత్రం చాలామంది వదిలేస్తారు. సరదాగా మొదలైన ఆలోచన ఆ తరువాత బతుకు తెరువైంది. నా దృష్టిలో ఈ రెండో సంగతే ముఖ్యం.

జార్జ్ బట్టర్స్ అనే మెకానిక్ సాయంతో ఆమె ఇంటి వెనుక కొట్టంలో పని మొదలుపెట్టింది. మొదట పళ్ళేలనూ కప్పులనూ కొలిచి, ఆ కొలతలకు తగిన తీగ అరలు అల్లింది. ఆ అరలను ఒక చక్రంలో అమర్చి, చక్రాన్ని రాగి బాయిలరులో పడుకోబెట్టింది. చక్రం తిరుగుతుంటే అడుగు నుంచి వేడి సబ్బు నీళ్ళు గిన్నెల మీదికి చిమ్ముతాయి. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. అంతకు ముందు వాళ్ళు గిన్నెలను రుద్దాలనో తిప్పాలనో చూశారు. ఈమె గిన్నెను కదలకుండా పట్టి ఉంచే పని అరకూ, మురికిని ఊడగొట్టే పని నీటి పీడనానికీ అప్పగించింది. ఇప్పటి యంత్రాలకూ ఇదే ఆధారం.

యంత్రం పని చేసింది, అయినా ఇళ్ళలోకి రాలేదు. షికాగోలోని పామర్ హౌస్, షెర్మన్ హౌస్ వంటి పెద్ద హోటళ్ళు కొన్నాయి. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి కూడా వచ్చింది. ఆమె 1913లో మరణించింది. 1926లో హోబార్ట్ కంపెనీ ఆమె సంస్థను కొన్నది. కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్ళకు తగిన యంత్రం 1949లో గాని రాలేదు. పేటెంటుకూ దీనికీ మధ్య 63 సంవత్సరాలు గడిచాయి!

ఎందుకింత ఆలస్యం? హోటల్లో పెద్ద బాయిలరు ఉంటుంది, వేడి నీటికి కొదవ లేదు. మామూలు ఇంట్లో అంత వేడి నీరు లేదు. పైగా చాలా చోట్ల నీరు కఠిన జలం, అందులో సబ్బు నురగ రాదు, తెట్టు కడుతుంది. చూశారా, లోపం యంత్రంలో లేదు. యంత్రానికి అందే నీటిలోనూ వేడిలోనూ ఉంది. చక్రాల మీద తోసుకుంటూ తెచ్చి వంటింటి కుళాయికి తగిలించే యంత్రాలు, గట్టు మీద పెట్టుకునే చిన్న యంత్రాలు ఆ తరువాత వచ్చాయి. వీటికి సొంత నీటి గొట్టం కూడా ఉండదు. ఇంటి కుళాయి ఎలా ఉంటే వీటి పనీ అలాగే ఉంటుంది.

మన దేశంలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పనివాళ్ళు ఇళ్ళకు రాలేకపోయినప్పుడు ఈ యంత్రాలకు గిరాకీ పెరిగింది. అలా కొన్న చిన్న యంత్రం ఒకటి రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా బంధువుల ఇంట్లో ఉంది. డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాప్, అంటే రైల్వే గూడ్సు పెట్టెలను విప్పి బాగు చేసే కర్మాగారం. విజయనగరం - రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారి వెంట రైల్వే ఉద్యోగాలకు వెళ్ళిన ఉత్తరాంధ్ర కుటుంబాలు రాయపూర్‌లో చాలా ఉన్నాయి. మా బాబాయి ఆ కర్మాగారంలోనే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

నేను వెళ్ళిన రోజు యంత్రం నడవడం లేదు. తలుపు వేసి మీట నొక్కితే కాసేపు గుర్రుమని ఆగిపోతోంది. "ఇది పాడైపోనాదిరా, పాత సామాన్లోడికి ఇచ్చేత్తాను" అంది పిన్ని. బాబాయి ఒప్పుకోలేదు. "ముందు పైపులో గాలుందో లేదో సూడాల. బండిని తర్వాత తిట్టొచ్చు" అన్నాడు.

అది ఆయన ఉద్యోగం నేర్పిన పద్ధతి. గూడ్సు రైలు బ్రేకు గొట్టంలో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాములు ఉండాలి. బ్రేకు పట్టకపోతే ముందు గాలి అందుతోందా అని చూస్తారు, ఎక్కడన్నా కారుతోందా అని అతుకుల మీద సబ్బు నీళ్ళు పూస్తారు. బుడగ లేచిన చోటే కారుతున్నట్టు. కవాటాలు విప్పడం ఆ తరువాతి మాట.

ఇంటి కుళాయికి ఈ లెక్క వేద్దాం. 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము పీడనం ఇస్తుంది. ఒంటి అంతస్తు ఇంటి మీది ట్యాంకు కుళాయి కన్నా 3 మీటర్లు ఎత్తున ఉంటే పీడనం 0.3 మాత్రమే. యంత్రంతో వచ్చే పుస్తకంలో కనీస పీడనం ఎంత ఉండాలో రాసి ఉంటుంది. అది 0.5 అని ఉంటే ఈ ట్యాంకు చాలదు. పీడనం కొలిచే పరికరం మన దగ్గర ఉండదు కాబట్టి, లీటరు చెంబు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడవచ్చు. బాబాయి అదే చేశాడు. కుళాయి ధార బాగానే ఉంది. ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, యంత్రంలోకి నీరు వెళ్ళే గొట్టం విప్పితే, మూతి దగ్గరున్న చిన్న జల్లెడ తుప్పుతోనూ ఇసుకతోనూ పూడిపోయి ఉంది. పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే నీరు ఎక్కింది.

ఎక్కిన నీరు నిలవకపోవడం ఇంకో రకం జబ్బు. యంత్రం నింపుతూనే ఉంటుంది, నీరు పోతూనే ఉంటుంది. మురుగు గొట్టం చివర యంత్రం అడుగు కన్నా కిందికి వేలాడితే అది సైఫన్‌లా పని చేస్తుంది. ఆ గొట్టాన్ని ముందు పైకి ఎత్తి, వంపు తిప్పి, అప్పుడు సింకులోకి వదలాలి. చివర నీటిలో మునగకూడదు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

నీరు నిలిచినా గిన్నెలకు అన్నం మెతుకులు అంటుకునే ఉంటే స్ప్రే ఆర్మ్‌ను చూడాలి. యంత్రం అడుగున రంధ్రాలతో తిరిగే గొట్టం అది. దీన్ని తిప్పడానికి మోటారు ఉండదు. రంధ్రాలు ఏటవాలుగా ఉంటాయి. నీరు ఒక పక్కకు చిమ్మితే గొట్టం రెండో పక్కకు తిరుగుతుంది. మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరపు హీరో ఆవిరితో తిప్పిన గోళమూ, 1750 ప్రాంతంలో సెగ్నర్ అనే శాస్త్రవేత్త నీటితో తిప్పిన చక్రమూ ఈ సూత్రం మీదే నడిచాయి. న్యూటన్ మూడో సూత్రం మీ పాఠంలో ఉంది కదా. ఆ రంధ్రాల్లో ఆవగింజలో కరివేపాకు ముక్కలో ఇరుక్కుంటే ధార తగ్గుతుంది, గొట్టం ఆగుతుంది. పెద్ద మూకుడు అడ్డు తగిలినా అంతే. యంత్రంలో గిన్నెలు సర్ది, తలుపు వేసే ముందు గొట్టాన్ని వేలితో ఒకసారి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. స్టీలు కంచాలను ఒకదానిలో ఒకటి దూర్చి పెడితే మధ్యకు నీరు వెళ్ళదు. కొక్రేన్ ముందుగా పళ్ళేలు కొలిచింది అందుకే.

పొడి అయిపోయిందని సింకు దగ్గరి గిన్నెల సబ్బు వేసేవాళ్ళున్నారు. అది చేతి పని కోసం చేసింది, నురగ ఎక్కువ. పంపు నీటికి బదులు నురగను పీల్చి డీలా పడుతుంది, తలుపు సందుల్లోంచి నురగ వంటింట్లోకి వస్తుంది. కర్మాగారంలో లోపాన్ని పట్టిచ్చే బుడగే ఇక్కడ లోపమవుతుంది.

వేడి విషయంలో చిన్న లెక్క ఉంది. 5 లీటర్ల నీటిని 25 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయడానికి సుమారు 840 కిలోజౌళ్ళు కావాలి. 1000 వాట్ల హీటరు దీనికి 14 నిమిషాలు తీసుకుంటుంది. అయితే హీటరు శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే ఆ 1000 వాట్లు 613కు పడిపోతాయి. అప్పుడు 23 నిమిషాలు కావాలి. అనుకున్న వేళకు నీరు వేడెక్కలేదని కొన్ని యంత్రాలు లోపం సంకేతం చూపి ఆగిపోతాయి. సాయంత్రం ఆగిన యంత్రం అర్ధరాత్రి సాఫీగా నడిస్తే అనుమానించవలసింది వోల్టేజినే. హీటరునూ దాని తీగలనూ మాత్రం ఇంట్లో విప్పకండి. నీరు, కరెంటు కలిసిన చోట సాహసం పనికిరాదు.

ఇక గ్లాసు మీది తెల్ల పొర. రాయపూర్ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. ఆ ప్రాంతంలో అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉండడానికి కారణం అదే. ఆ రాతిలోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి చేస్తే అది కార్బొనేట్‌గా మారి హీటరు మీద పొలుసు కడుతుంది, గ్లాసు మీద పొర మిగులుస్తుంది. పొలుసు కట్టిన హీటరు నుంచి నీటికి వేడి సరిగా అందదు. అలా ఒక లోపం ఇంకో లోపాన్ని పుట్టిస్తుంది.

జాన్ థామస్ వే మట్టి ఇక్కడ అక్కరకొస్తుంది. మట్టి ఒక అయాన్‌ను పట్టుకుని ఇంకోదాన్ని వదిలినట్టే, కాల్షియంను పట్టుకుని సోడియంను వదిలే పదార్థం ఉంటే నీరు మృదువవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో రాబర్ట్ గాన్స్ ఇందుకు కృత్రిమ జియోలైట్లు వాడాడు. 1935లో ఇంగ్లండులో ఆడమ్స్, హోమ్స్ అనే ఇద్దరు ఇదే పని చేసే రెజిన్లు తయారు చేశారు. చాలా యంత్రాల అడుగున రెజిన్ పూసలున్న అర ఉంటుంది. ఒక్కో కాల్షియం అయాన్‌కు బదులు రెండు సోడియం అయాన్లు వదులుతూ పూసలు అలసిపోతాయి. చిక్కటి ఉప్పు నీరు పోస్తే సోడియం వెనక్కి చేరి, కాల్షియం మురుగులోకి పోతుంది. యంత్రానికి ఉప్పు వేయమనేది ఇందుకే. దానికోసం అమ్మే గళ్ళ ఉప్పే వేయాలి, వంటింటి మెత్తని ఉప్పులో కలిపే పదార్థాలు అరను మూసేయవచ్చు. చిన్న యంత్రాలు అన్నింటిలో ఈ అర ఉండదు. మా పిన్ని యంత్రంలోనూ లేదు. అటువంటి వాటిని అప్పుడప్పుడు గిన్నెలు లేకుండా, నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం వేసి నడిపితే పొలుసు కరుగుతుంది.

ఒకప్పుడు ఈ బాధ్యత పొడిదే. పొడిలోని ఫాస్ఫేట్లు కాల్షియంను పట్టి ఉంచేవి. కాని మురుగుతో చెరువుల్లోకి చేరిన ఫాస్ఫేట్లు నాచుకు ఎరువయ్యాయి. నాచు కుళ్ళి నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోయేవి. అందువల్ల అమెరికాలో పలు రాష్ట్రాలు 2010లో, యూరోపియన్ యూనియన్ 2017లో ఈ పొడుల్లో ఫాస్ఫేట్లను దాదాపు లేకుండా చేశాయి. వెంటనే అమెరికాలో గ్లాసులు మసకబారుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఎందరో యంత్రం చెడిందనుకున్నారు. మారింది పొడి.

కొన్ని గిన్నెలకు మాత్రం ఏ మరమ్మతూ పనికిరాదు. పొడిలోని క్షారం అల్యూమినియం మీది రక్షణ పొరను కరిగిస్తుంది, గిన్నె నల్లబడుతుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలకూ ఈ క్షారం మంచిది కాదు. మన పెద్దవాళ్ళు జిడ్డుకు బూడిద, ఇత్తడికి చింతపండు వాడేవారు. బూడిదలో పొటాషియం కార్బొనేట్ అనే క్షారం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉన్నాయి. యంత్రంలో ఒకేసారి అన్ని గిన్నెలకూ ఒకే పొడి. రాయపూర్ నుంచి నేను బయలుదేరిన రోజు స్టీలు కంచాలు, గ్లాసులు యంత్రంలోకి వెళ్ళాయి. ఇత్తడి చెంబును పిన్ని పెరటి కుళాయి దగ్గర చింతపండుతో తోముతోంది.