కాంపర్ వ్యాను వెనుక దృశ్యత

కాంపర్ వ్యాను అనగా ప్రయాణానికే కాక పడక, వంట, సామాను భద్రపరచుట వంటి అవసరాలకు కూడా అనువుగా లోపలి భాగాన్ని అమర్చిన వ్యాను. డ్రైవరు తన స్థానం నుండి వాహనం వెనుక ఉన్న దారిని, మనుషులను ఎంతవరకు చూడగలడో తెలిపే గుణాన్ని వెనుక దృశ్యత అంటారు. కాంపర్ వ్యానులో సామానుకు ఎక్కువ చోటు దొరికేది వెనుక భాగంలోనే. డ్రైవరు చూపు సాగవలసిన దారి కూడా అదే. అందువలన ఈ రెండు అవసరాల మధ్య సమతూకం ఈ వాహనాల రూపకల్పనలో ఒక ముఖ్యమైన సమస్య.

తెలుగు సినిమా రంగంలో నటీనటుల విశ్రాంతి వాహనాన్ని క్యారవాన్ అని పిలుస్తారు. బ్రిటనులో ఆ పేరు కారు వెనుక తగిలించి లాగే, ఇంజను లేని బండికి వర్తిస్తుంది. కాంపర్ వ్యాను ఈ రెండింటికీ భిన్నమైనది.

నేపథ్యం

ఈ తరహా వాహనాలలో ప్రసిద్ధి చెందినది జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ టైప్ 2. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947లో గీసిన ఒక చిత్తు బొమ్మ దీనికి మూలం. 1950లో దీని ఉత్పత్తి మొదలైనది. 1951లో వెస్ట్‌ఫాలియా సంస్థ ఇందులో అమర్చుకోదగిన పడక, అరల సామగ్రిని తయారు చేసినది.

టైప్ 2 వాహనంలో ఇంజను వెనుక భాగాన ఉండేది. ఇంజను పైన ఏర్పడిన ఎత్తైన బల్ల వంటి చోటును పగలు సామానుకు, రాత్రి పరుపుకు వాడేవారు. ఆ బల్ల ఎత్తుగా ఉండుట వలన దాని మీద కొద్దిపాటి సామాను పెట్టినా అది వెనుక కిటికీ అంచును చేరేది. 1990లో వచ్చిన నాలుగవ తరం వాహనంలో ఇంజను ముందుకు మారినది. దానితో వెనుక నేల కిందికి దిగి, అదే సామానును కిటికీకి బాగా దిగువన ఉంచుటకు వీలు కలిగినది.

దృశ్యత తగ్గే విధానం

డ్రైవరు ముందున్న లోపలి అద్దం నుండి బయలుదేరిన చూపు, వెనుక కిటికీ కింది అంచును దాటి ఏటవాలుగా నేలను తాకుతుంది. ఆ బిందువుకు, వాహనానికి మధ్య ఉన్న నేల ఆ అద్దంలో కనిపించదు. అంచు ఎత్తు పెరిగిన కొద్దీ ఈ మరుగు ప్రదేశం వేగంగా పెరుగుతుంది.

ఉదాహరణకు లోపలి అద్దం నేల నుండి 1.5 మీటర్ల ఎత్తున, వెనుక కిటికీ దానికి 3 మీటర్ల వెనుక ఉన్నాయనుకొనిన:

- కిటికీ కింది అంచు 1.1 మీటర్ల ఎత్తున ఉంటే, కిటికీ వెనుక సుమారు 8.25 మీటర్ల వరకు నేల కనిపించదు. 90 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లవాడు కిటికీకి 1.5 మీటర్ల లోపున నిలబడితే కనిపించడు.
- సామాను ఆ అంచుకు పైన మరో 20 సెంటీమీటర్లు పెరిగితే, నేల కనిపించని దూరం 19.5 మీటర్లవుతుంది. అదే పిల్లవాడు 6 మీటర్ల దూరంలో ఉన్నా కనిపించడు.

అనగా ఒక జత దిండ్ల ఎత్తు సామాను, పిల్లవాడు కనిపించని దూరాన్ని నాలుగు రెట్లు చేయగలదు.

పక్క అద్దాలు ఈ లోటును పూర్తిగా తీర్చలేవు. అవి వాహనం ఇరువైపులా ఉన్న దారిని చూపుతాయి గాని, సరిగ్గా వెనుక తలుపును ఆనుకొని ఉన్న చోటును చూపవు. కుంభాకార దర్పణం ఎక్కువ వెడల్పును చూపుతుంది. అయితే అందులో వస్తువులు చిన్నవిగా, ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్లు కనిపిస్తాయి.

సామాను అమరిక

కిటికీ ఎత్తున ఉన్న పట్టీని ఖాళీగా ఉంచి, దాని దిగువ చోటును పూర్తిగా వాడుకొనుట సాధారణంగా అనుసరించే పద్ధతి. నీటి డబ్బాలు, బ్యాటరీ, పనిముట్లు వంటి బరువైన వస్తువులను నేల మీద, రెండు ఇరుసుల మధ్య ఉంచుతారు. దీని వలన దృశ్యతతో పాటు వాహనపు నిలకడ కూడా మెరుగవుతుంది. ఎత్తున పేర్చి కట్టని సామాను, గట్టిగా బ్రేకు వేసినపుడు ముందు కూర్చున్నవారి మీదకు దూసుకొని వచ్చే ప్రమాదమున్నది.

ఎత్తైన బీరువా తప్పనిసరి అయినపుడు దానిని ఒక మూలకు చేర్చుతారు. పలు వెస్ట్‌ఫాలియా నమూనాలలో బట్టల బీరువా వెనుక ఎడమ మూలన ఉండేది. కిటికీలో కొంత భాగం మరుగైనా, మధ్య భాగం తెరచి ఉండేది. 1970లలో కొన్ని నమూనాలలో స్టెప్నీ చక్రాన్ని వాహనం ముందు భాగానికి బిగించి లోపల చోటు మిగిల్చేవారు. పగటివేళ పరుపును మడిచి నిలువుగా పెట్టక, బల్ల మీద పరచి ఉంచుట వలన కూడా కిటికీ తెరచి ఉంటుంది.

సామానును వెలుపలికి తరలించుట మరొక మార్గం. పైకప్పు మీది అర తేలికైన వస్తువులకే తగినది. పైన బరువు పెరిగితే మలుపులలో వాహనం ఎక్కువగా ఒరుగుతుంది. వెనుక తలుపుకు బిగించే సైకిలు స్టాండు కిటికీని కొంత మూస్తుంది, ఇరుసుల మీది బరువునూ మారుస్తుంది. 2.4 మీటర్ల ఇరుసుల దూరం గల వ్యానులో, వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక 60 కిలోల బరువు వేలాడదీసిన యెడల, ముందు ఇరుసు మీద 30 కిలోల భారం తగ్గి, వెనుక ఇరుసు మీద 90 కిలోలు పెరుగుతుంది. ముందు చక్రాల మీద భారం తగ్గితే వాటి పట్టు తగ్గుతుంది. స్టాండు వలన నంబరు ప్లేటు, దీపాలు మరుగుపడకుండా చూడవలెను.

కిటికీ లేని అమరిక

ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్ వంటి పెద్ద వ్యానులలో వెనుక భాగాన అడ్డంగా శాశ్వతమైన మంచం, దాని కింద పెద్ద సామాను గది అమర్చుట సాధారణం. ఇందులో వెనుక చూపును దాదాపు వదులుకొని, ఆ లోటును సాధనాలతో పూరిస్తారు.

- ఫ్రెనెల్ కటకం: వెనుక కిటికీకి అంటించే పలుచని ప్లాస్టిక్ కటకం. కిటికీ కింద మరుగున ఉన్న చోటును చిన్నదిగా చూపుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 19వ శతాబ్దంలో దీపస్తంభాల కొరకు రూపొందించిన కటకం దీనికి మూలం. కిటికీ తెరచి ఉన్నపుడే ఇది పనిచేస్తుంది.
- కెమెరా: 1956 నాటి బ్యూక్ సెంచూరియన్ ప్రదర్శన కారులో అద్దానికి బదులు వెనుక టెలివిజన్ కెమెరా అమర్చారు. నేటి కెమెరాలు సామానుతో నిమిత్తం లేకుండా వాహనం వెనుక నేలను చూపుతాయి. బురద, వర్షపు చినుకులు, చీకటి వీటి పనిని తగ్గిస్తాయి.
- సెన్సార్లు: అడ్డంకి దగ్గరైన కొద్దీ శబ్దంతో హెచ్చరిస్తాయి. సైకిలు స్టాండు బిగించినపుడు దానినే అడ్డంకిగా గుర్తించే అవకాశమున్నది.

చట్టాలు

అమెరికాలో 2002లో రెండేళ్ల బాలుడు, తండ్రి వెనుకకు నడుపుతున్న వాహనం కింద పడి మరణించాడు. ఆ బాలుని పేరున చేసిన చట్టంపై 2008లో అధ్యక్షుని సంతకం జరిగినది. దాని ప్రకారం 2014లో జాతీయ రహదారి భద్రతా సంస్థ తుది నిబంధన వెలువరించినది. ఇటువంటి ప్రమాదాలలో ఏటా సగటున 210 మంది మరణిస్తున్నారని, వారిలో 31 శాతం ఐదేళ్ల లోపు పిల్లలని ఆ సందర్భంలో సంస్థ అంచనా వేసినది. 2018 మే 1 నుండి 4,536 కిలోల లోపు మొత్తం బరువు పరిమితి గల కొత్త వాహనాలన్నింటిలో, వెనుక 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల ప్రదేశాన్ని చూపే ఏర్పాటు తప్పనిసరి అయినది.

ఐరోపా సమాఖ్యలో 2022 జూలై నుండి కొత్త నమూనాలకు, 2024 జూలై నుండి కొత్త వాహనాలన్నింటికీ, వెనుకకు నడిపేటపుడు అక్కడి మనుషులను, వస్తువులను గుర్తించుటకు తోడ్పడే ఏర్పాటు తప్పనిసరి అయినది. భారతదేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో రివర్సు పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి. పాత వ్యానును కొని కాంపరుగా మార్చుకొనేవారికి ఈ ఏర్పాట్లు వాహనంతో పాటు లభించకపోవచ్చు. విడిగా బిగించుకొనవలసి ఉంటుంది.

వెనుకకు నడుపునపుడు

ఏ సాధనమున్నా, బయలుదేరే ముందు వాహనం చుట్టూ ఒకసారి నడచి చూచుట, పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకొనుట అవసరం. తోడు ఉన్నవారు కిందికి దిగి, డ్రైవరు పక్క అద్దంలో కనిపించే చోట నిలబడి దారి చెప్పవలెను. తెలుగునాట లారీలకు క్లీనరు చేసే పని ఇదే. దారి చెప్పే వ్యక్తి అద్దంలో కనిపించకపోయిన తక్షణం వాహనాన్ని ఆపివేయవలెను. విడిది చేరినపుడు వ్యానును వెనుకకు నడిపి నిలిపితే, మరునాడు పిల్లలు చుట్టూ ఆడుకొనే వేళ ముందుకు చూస్తూ బయలుదేరవచ్చును.

ఇవి కూడా చూడండి

- ఫోక్స్‌వాగన్
- కుంభాకార దర్పణం
- ఫ్రెనెల్ కటకం
- రహదారి భద్రత