మాధవాయిపాలెం గుడ్డ, మనింటి కండెలు

పోయిన నెల ఫ్రాన్స్‌లో ఉంటున్న మా ఆడపడుచు కూతురు ఒక ఫొటో పంపింది. బట్టల కొట్లో తెల్లటి నూలు తాను, దానికి అంటించిన చీటీ. "అత్తా, దీని పేరు మడపోలామ్‌ట. మన మాధవాయిపాలెంలా లేదూ?" అని అడిగింది. లా ఉండటమేంటే, అదే ఇది అన్నాను.

మా తాటిపాక వాళ్ళం నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లిలో పంటు ఎక్కి వశిష్ఠ దాటుతాం. అవతల దిగేది మాధవాయిపాలెం రేవులోనే. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు ఉండేది కాదండీ. ముందుగా సొమ్మిచ్చి, నేసిన తానులు తీసుకుని, ఓడలకెక్కించే చోటు. మన పేరు వాళ్ళ నోట మడపోలం అయ్యింది, చివరికి గుడ్డకే ఆ పేరు పడింది. ఇటు బెండమూర్లంకలో, యానాం పక్క ఇంజరంలో కూడా ఇలాంటివే ఉండేవి. 1757లో ఫ్రెంచి బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. చిన్నప్పుడు బుస్సీ అంటే బొబ్బిలి యుద్ధమే అనుకున్నాను, ఈ గుడ్డల గొడవ ఎవరూ చెప్పలేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే. ఇంగ్లండులో మిల్లులొచ్చాయి. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. మడపోలం అన్న పేరు మాత్రం మిల్లు గుడ్డకి అతుక్కుని దేశదేశాలూ తిరిగింది. మా అమ్మాయి చూసింది ఆ పేరునే.

నేతగాళ్ళ నష్టం గురించి పుస్తకాల్లో బాగానే రాశారు. వాళ్ళ కన్నా ముందు దెబ్బ తిన్నది నూలు వడికే ఆడవాళ్ళు. మిల్లు నూలు సన్నగా, చవగ్గా వచ్చేసరికి నేసేవాళ్ళు దాన్నే కొనుక్కుని ఇంకొన్నాళ్ళు నిలబడగలిగారు. రాట్నం దగ్గర కూర్చున్నావిడకి ఆ దారి కూడా లేదు. 1828లో బెంగాల్లో 'సమాచార్ దర్పణ్' అనే పత్రికకి ఒక వితంతువు ఉత్తరం రాసింది. ముగ్గురు ఆడపిల్లలతో మిగిలిపోయి, ఉన్న నగలు అమ్ముకుని, ఆఖరికి నూలు వడికి సంసారం ఈదింది. ఆ డబ్బుతోనే పిల్లల పెళ్ళిళ్ళు చేసింది. ఒకప్పుడు సాలెవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నూలు కొనుక్కెళ్ళేవాళ్ళట, విలాయతీ నూలు వచ్చాక అటు తొంగి చూసేవాళ్ళే లేరట. ఉత్తరం కింద పేరు లేదు, నూలు వడికే మనిషిని అనే రాసుకుంది. గాంధీగారు దాన్ని వందేళ్ళ తర్వాత తన 'యంగ్ ఇండియా'లో మళ్ళీ వేశారు. నేను చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి కూడా.

వడకడం పోయినా ఆడవాళ్ళ పని పోలేదు. అమలాపురం దగ్గర బండారులంకలో మా అమ్మకి చీరలిచ్చే ఇల్లొకటి ఉంది. చీర కొనడం మానేసి ఒక పూటంతా వాళ్ళ పనే చూస్తూ కూర్చున్నాను. ఆయన గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేస్తాడు, చీర ఆయన నేసిందే అంటాం. కానీ చిలపల నూలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టేది ఆవిడ. తెల్లారగట్ల ఎండ ముదరకుండా పడుగు చాచి గంజి పట్టిస్తే, తెగిన పోగులు వెతికి అతికేది ఆవిడా, అత్తగారూ. కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది. అన్నం వారుస్తూ కూడా ఆవిడ చెవి మగ్గం చప్పుడు మీదే ఉంది.

నూలు లెక్క ఒకటి చెప్తాను. నూరో నంబరు నూలంటే పౌనుకి 100 చిలపలు, చిలప 840 గజాలు. అంటే అర కేజీకి కాస్త తక్కువ నూలు, పొడవులో దాదాపు 77 కిలోమీటర్లు. తాటిపాక నుంచి రాజమండ్రి వెళ్ళేంత దూరమన్నమాట. ఆవిడ వేళ్ళ మధ్య నుంచి జారేది ఆ పోగే. చూపుడు వేలి మీద గీత పడిపోయింది, గోరింటాకు పెట్టినా అక్కడ అంటదట.

2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది పనివాళ్ళుంటే, నూటికి 72 మంది ఆడవాళ్ళే. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం నడిపేదే ఆడవాళ్ళు కాబట్టి ఆ అంకె అంత పెద్దదైంది. ఆ గణనలో నేసేవాళ్ళనే కాదు, కండెలు చుట్టేవాళ్ళని, పడుగు చేసేవాళ్ళని కూడా అనుబంధ పనివాళ్ళని లెక్క వేశారు.

వచ్చేటప్పుడు ఆవిడని అడిగాను, మీ కండెలకి కూలి విడిగా కడతారా అని. నవ్వింది. "చీర కూలిలోనే కలిసిపోద్దండి. నాదేముంది, నేను ఇంట్లోనే ఉంటాను కదా" అంది. చేతిలో రాట్నం తిరుగుతూనే ఉంది. నేను ఒక చీర తీసుకుని, బేరం ఆడకుండా డబ్బిచ్చి వచ్చేశాను. డబ్బు మాత్రం ఆయన చేతికే ఇచ్చాను, అలవాటు కొద్దీ.