అయస్కాంతం తాకితే చెరిగిపోయిన చరిత్ర: ‘బ్లాక్ బ్యూటీ’ రాయి కథ

చిన్నప్పుడు పాడైపోయిన స్పీకర్ విప్పి, అందులోని అయస్కాంతం తీసి ఇసుకలో తిప్పినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? నల్లటి పొడి మీసాల్లా అంటుకునేది కదా! ఉల్కలు వెతికేవాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది కూడా దాదాపు ఇదే. ఆ పని వల్ల 400 కోట్ల ఏళ్లకు పైబడిన ఒక రికార్డు ఎలా పోయిందో ఇవాళ చెప్పుకుందాం.

2011లో మొరాకోలో ఒక నల్లటి రాయి అమ్మకానికి వచ్చింది. బరువు 320 గ్రాములు, అంటే అరచేతిలో పట్టేంత. ఒక అమెరికన్ కలెక్టర్ దాన్ని కొన్నాడు. అక్కణ్ణుంచి అది న్యూ మెక్సికో యూనివర్సిటీలో కార్ల్ ఏజీ అనే శాస్త్రవేత్త దగ్గరికి చేరింది. 2013లో ఆయన బృందం ‘సైన్స్’ పత్రికలో ఆ రాయి అంగారకుడి నుంచి వచ్చిందని ప్రకటించింది. అధికారిక పేరు నార్త్‌వెస్ట్ ఆఫ్రికా 7034. ముద్దుపేరు మాత్రం ‘బ్లాక్ బ్యూటీ’. రకరకాల రాళ్ల ముక్కలు అతుక్కుని ముద్ద కట్టిన రాయి ఇది. అందులోని కొన్ని జిర్కాన్ స్ఫటికాల వయసు సుమారు 440 కోట్ల ఏళ్లు. అంటే మార్స్ పసిబిడ్డగా ఉన్నప్పటివన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈరోజు మార్స్‌కి మన భూమిలాంటి అయస్కాంత క్షేత్రం లేదు. ఒకప్పుడు ఉండేది. అది ఎప్పుడు ఆగిపోయింది? గాలి, నీళ్లు పోవడానికి అదే కారణమా? శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. జవాబు దొరికేది పాత రాళ్లలోనే. కాలుతున్న రాయి చల్లారేటప్పుడు, అందులోని మాగ్నెటైట్ లాంటి రేణువులు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం దిశలోకి సర్దుకుంటాయి. మాగ్నెటైట్‌కైతే 580 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చాక ఆ ముద్ర పడడం మొదలవుతుంది. తర్వాత కోట్ల ఏళ్లయినా నిలిచి ఉండగలదు.

మరి ఆకాశంలోంచి మండుతూ పడినప్పుడు అది పోదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. మండేది పైపొర మాత్రమే, అదీ కొన్ని మిల్లీమీటర్లు. లోపలికి ఆ వేడి చేరేలోపే రాయి నేల మీద పడిపోతుంది. భూమి క్షేత్రం సంగతేంటి? అది చాలా బలహీనం. దాని ముద్ర పడినా ల్యాబ్‌లో చాలావరకు తొలగించి, అడుగున ఉన్న పాత ముద్రను చదవగలరు.

అంతరిక్షాన్నీ, మంటల్నీ, ఎడారినీ తట్టుకున్న ఆ రికార్డు మనిషి జేబులోని అయస్కాంతం దగ్గర ఓడిపోయింది!

ఎలాగంటే, ఎక్కువ ఉల్కల్లో ఇనుము, నికెల్ కలిసిన లోహం ఉంటుంది. అందుకే అయస్కాంతం అంటుకుంటే ఉల్క కావచ్చు అనేది పాత పరీక్ష. అమెరికాలో హార్వీ నైనింగర్ అనే ప్రసిద్ధ ఉల్కల వేటగాడు అరిజోనాలోని మీటియర్ క్రేటర్ చుట్టూ అయస్కాంతాలతో నేలను గాలించాడు. అప్పట్లో అయస్కాంతాలు ఓ మాదిరివి. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాయి. చిటికెన వేలి గోరంత ముక్క కూడా గట్టిగా లాగేస్తుంది. 1990ల నుంచి సహారా ఉల్కల వ్యాపారం పుంజుకుంది. రెండూ కలిశాయి. దొరికినవాడు ఒకసారి అంటిస్తాడు, మధ్యవర్తి ఒకసారి, దుకాణదారు ఒకసారి, కొనేవాడు ‘అసలుదేనా’ అని ఇంకోసారి.

నియోడిమియం అయస్కాంతం ఉపరితలం దగ్గర క్షేత్రం భూమి క్షేత్రానికి వేల రెట్లు. ఒక్కసారి తాకితే చాలు, రేణువులన్నీ కొత్త దిశకు తిరిగిపోతాయి. పాత వాట్సాప్ చాట్ డిలీట్ చేసి బ్యాకప్ కూడా తీసేసినట్టే. దూరం పెరిగేకొద్దీ క్షేత్రం త్వరగా తగ్గుతుంది కాబట్టి పెద్ద రాయి నడిమధ్యలో ఏమైనా మిగలొచ్చు. కొన్ని సెంటీమీటర్ల రాయికి ఆ అవకాశం దాదాపు లేదు.

2023లో ఫోటీనీ వెర్వెలిడూ, బెంజమిన్ వైస్ తదితరులు బ్లాక్ బ్యూటీతో పాటు రాలిన తోబుట్టువు రాళ్లను పరీక్షించారు. మార్స్ రాసిన రాత బదులు అయస్కాంతాల రాతే కనిపించింది. వ్యాపారుల్ని తిట్టాలనిపిస్తుంది కానీ, నా ఉద్దేశంలో అది న్యాయం కాదు. ఉల్కను గుర్తుపట్టడం ఎలా అని చెప్పే పుస్తకాలే దశాబ్దాలపాటు అయస్కాంతం పెట్టి చూడమన్నాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ అలన్ హిల్స్ 84001ది. 1984 డిసెంబరులో అంటార్కిటికా మంచు మీద దొరికిన మార్స్ రాయి అది. 1996లో ‘ఇందులో జీవం ఆనవాళ్లున్నాయా’ అని ప్రపంచమంతా గోల చేసింది దీని గురించే. తెల్లటి మంచు మీద నల్లటి రాయి ఇట్టే కనిపిస్తుంది, అయస్కాంతంతో పనేముంది? చేత్తో కూడా ముట్టకుండా సంచిలో వేసి, గడ్డకట్టిన స్థితిలోనే ల్యాబ్‌కి పంపుతారు. 2000లో వైస్ బృందం దీన్ని పరిశీలించి, మార్స్‌ని వదిలాక లోపలి భాగం 40 డిగ్రీలకు మించి వేడెక్కలేదని తేల్చింది. పాత అయస్కాంత ముద్ర ఇంకా అలాగే ఉంది. వయసు సుమారు 410 కోట్ల ఏళ్లు. బ్లాక్ బ్యూటీలోని జిర్కాన్‌లు దీనికంటే పాతవి. అందుకే ఆ నష్టం అంతగా బాధిస్తుంది.

మరి అయస్కాంతం లేకుండా ఎలా గుర్తుపట్టాలి? ససెప్టిబిలిటీ మీటర్ అనే చేతిలో పట్టే పరికరం ఉంది. అది చాలా బలహీనమైన క్షేత్రంతోనే రాయిలో లోహం ఎంతుందో చెప్పేస్తుంది, రికార్డు చెక్కుచెదరదు. కాకపోతే ధర ఎక్కువ. ఎడారిలో ఒంటెల వెంట తిరిగేవాడు కొనగలడా అంటే, కష్టమే.

మీకెప్పుడైనా నల్లటి పైపొరతో, సైజుకి మించిన బరువుతో ఏదైనా రాయి దొరికితే ముందు ఉన్నచోటే ఫోటో తీయండి. అన్నట్టు, ఫోన్‌ని మాత్రం రాయికి ఆనించకండి. దాని స్పీకర్‌లో కూడా అయస్కాంతమే ఉంది.