పొగను మాన్పించు ఆవిరి

బెంగళూరు నుండి హోసూరునకు బోవు రాజమార్గమున, ఆనేకల్లు బాట చీలు కూడలియందు నెలకొన్న చందాపురము, బొమ్మసంద్ర పారిశ్రామికవాడ వెలసిన పిమ్మట పల్లెరూపము విడిచి, షిఫ్టులవెంట రేయింబవళ్లు మేలుకొనియుండు పట్టణమైనది. ఇచ్చటి టీ యంగళ్లముందు కన్నడముతోపాటు తెలుగును తమిళమును వినబడుచుండును. పని దిగివచ్చిన శ్రామికుని చేత టీ గ్లాసునకు జోడుగా సిగరెట్టు వెలుగుచుండును. దానిని మానవలెనని కోరువారును వారిలో కలరు. ఆ కోరిక తీర్చుటకు లోకము కనిపెట్టిన ఉపాయములలో వేపింగు, అనగా ఇ-సిగరెట్టుతో నికోటిన్ ద్రవపు ఆవిరిని పీల్చుట, మిక్కిలి వివాదాస్పదమైనది. దాని పూర్వచరిత్ర తెలిసిననే గాని నేటి స్థితి బోధపడదు.

పొగాకు పోర్చుగీసువారి ఓడలపై మన దేశమునకు వచ్చినది. పదునేడవ శతాబ్ది తొలినాళ్లలో అక్బరు చక్రవర్తి కొలువువాడైన అసద్ బేగ్ దానిని బిజాపురము నుండి ఆయన సముఖమునకు గొనిపోగా, అక్బరు కుమారుడు జహంగీరు 1617లో నిషేధించెను. నిషేధము నిలువలేదు, పొగాకు నిలిచినది. ఆంధ్రదేశమున అది చుట్టరూపమున ఎంతగా వేళ్లూనినదనగా, ఉత్తరాంధ్ర తీరమున స్త్రీలు సైతము మండుచున్న కొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుట ఆచారమై, వారి అంగిటికి క్యాన్సరు తెచ్చిపెట్టినది. ఇంపీరియల్ టొబాకో కంపెనీ గుంటూరు సీమలో ఆకు వ్యవహారమునకై 1912లో ప్రత్యేక సంస్థను నెలకొల్పి, మరుసటి యేట బెంగళూరున సిగరెట్టు కర్మాగారమును స్థాపించుటతో, తెలుగునేల పంటయు కన్నడనేల యంత్రమును ఒక్క వ్యాపారమున కలిసినవి. చుట్టపొగ ఘాటైనది గనుక త్రాగువారు సాధారణముగా దానిని నోటనే నిలుపుదురు. వర్జీనియా ఆకుతో చేసిన సిగరెట్టు పొగ మృదువగుటచే ఊపిరితిత్తుల లోతునకు దిగి, కొలది క్షణములలో నికోటినును మెదడునకు చేర్చును. వ్యసనము బిగియుటకు ఈ సౌలభ్యమే హేతువు.

1950లో ఇంగ్లండున రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సరునకును ధూమపానమునకును గల సంబంధమును ప్రకటించిరి. తరువాతి విచారణలో తేలిన సత్యమేమనగా, మనిషిని కట్టివేయునది నికోటినే యైనను, ప్రాణము తీయునది ముఖ్యముగా ఆకు కాలినప్పుడు పుట్టు తారును విషవాయువులును. అట్లైన ఆకును కాల్పకయే నికోటినును అందించి పొగను మాన్పింపవచ్చును గదా యను తలంపు పుట్టినది. జలాంతర్గాములలో పొగత్రాగ వీలులేని నావికులు నమలు పొగాకుతో సరిపెట్టుకొనుటను విని, స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఊవె ఫెర్నో నికోటిన్ గమ్మును రూపొందింపగా, అది 1978లో స్విట్జర్లాండున విక్రయమునకు వచ్చినది. పిదప చర్మమున నంటించు పట్టీలు వచ్చినవి. కాని గమ్ములోని నికోటిను మెల్లగా నెక్కును. చేతికి అలవాటైన పట్టును, గొంతునకు అలవాటైన తాకిడిని అది ఈయజాలదు. తానును ధూమపాన వ్యసనము నుండి బయటపడగోరిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్, ఆ కొఱత తీర్పనెంచి, నికోటిన్ ద్రవమును బ్యాటరీ బలముతో ఆవిరిగా మార్చు ఇ-సిగరెట్టును 2003లో నిర్మించెను.

ఈ సాధనము ఫలించునా? ఇంగ్లండున 886 మందిపై జరిగి 2019లో ప్రకటితమైన పరీక్షలో, ఒక సంవత్సరము గడచునప్పటికి ఇ-సిగరెట్టు పొందినవారిలో నూటికి 18 మంది, గమ్ము, పట్టీల వంటివి పొందినవారిలో 9.9 మంది సిగరెట్టును విడిచిరి. అయితే ఇ-సిగరెట్టుతో విజయము పొందినవారిలో నూటికి 80 మంది ఏడాది పిమ్మటను ఆ ఆవిరిని విడువలేకపోయిరి. ఆ యేడే అమెరికాలో వేపింగు చేసినవారికి ఊపిరితిత్తుల వ్యాధి ప్రబలి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలై, 68 మంది మరణించిరి. గంజాయి సారముగల ద్రవములలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేటు దానికి ప్రధానకారణమని తేలినది. గుణమును దోషమును రెండును చూడక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

కర్ణాటక ప్రభుత్వము 2016 జూనులోనే ఇ-సిగరెట్లను నిషేధించెను. 2019 సెప్టెంబరు 18న కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో దానిని చట్టము గావించెను. తయారీ, దిగుమతి, విక్రయము, ప్రకటన అన్నియు నేరములై, తొలిసారికి ఏడాది వఱకు చెఱ గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపబడునట్లు శాసింపబడినది. పసివారు క్రొత్త వ్యసనమున బడుదురన్న భయము నిరాధారము కాదు. దానిని నేను అంగీకరింతును. కాని బీడీయు సిగరెట్టును బహిరంగముగా అమ్ముడగుచుండగా, వానిని విడువగోరువాని ముందు ఒక ద్వారమును మూసిన ప్రభుత్వము, తక్కిన ద్వారములను బార్లా తెఱచు ఋణమును తలకెత్తుకొన్నదని గ్రహింపవలెను.

ఆ ద్వారములు లేకపోలేదు. ఈ హోసూరు మార్గముననే బెంగళూరు దిక్కున నున్న నిమ్హాన్స్ అను మానసికారోగ్య సంస్థలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో 2002లో దేశమున వెలసిన పొగాకు విరమణ చికిత్సాలయములలో ఒకటి ఏర్పడినది. 2018 నుండి సిగరెట్టు పెట్టెలపై ఉచిత సలహాకై 1800-11-2356 అను ఫోను సంఖ్య ముద్రింపబడుచున్నది. ఇంగ్లండు పరీక్షలో ఇరుపక్షములవారికిని మొదటి వారములలో సలహాదారుల ముఖాముఖి సాహాయ్యము లభించినదని మఱవరాదు. మన శ్రామికునకు ఆ సాహాయ్యమే మిక్కిలి దుర్లభము: పగటి షిఫ్టు మానుకొని, దినకూలి పోగొట్టుకొని ఆసుపత్రికి బోవుట అతనికి సులభము గాదు. కావున బొమ్మసంద్ర కర్మాగారముల వైద్యశాలలలోనే, షిఫ్టు ముగిసిన వేళ, అతని భాషలో మాటలాడు సలహాదారును, వెల లేని గమ్మును ఉండవలెను. జహంగీరు నాటి నిషేధము నిలువకపోవుట మనకు బోధించు పాఠ మిదియే: శాసనము వస్తువును నిషేధింపగలదు గాని, మానవలెనను సంకల్పమునకు తోడు నిలుచువాడు వేఱొక మనుష్యుడే కావలెను.