రింగుల వెనుక వేడి లెక్క

జుట్టుకు రింగులు తిప్పే పరికరం కొందామని దుకాణానికి వెళ్తే ముందు కళ్లకు కట్టేవి ఆకారాలే. క్లిప్పు ఉన్న కర్లింగ్ ఐరన్, క్లిప్పు లేని వాండ్, దానంతట అదే తిరిగేది, బ్రష్షులా ఉండేది, డబ్బాలో వరసగా నిలబెట్టిన హాట్ రోలర్లు. వాటిలో మళ్లీ 19 మిల్లీమీటర్ల లావువి, 25వి, 32వి. కొత్తవాళ్లకు ఏది సులువు అని అడిగితే వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఆకారం గురించే ఉంటుంది. ఈ పరికరాల చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ కథలో ఆకారం తొందరగానే కుదిరింది, కుదరనిది వేడి. ఇనుము ఎంత కాగింది, జుట్టుకు ఎంత చాలు, ఎప్పుడు వదలాలి అనే అంచనా మనిషి కంటికీ చేతికీ వదిలేసినంతకాలం ఇది నేర్పరుల పనిగానే ఉండిపోయింది. ఆ అంచనా పరికరం లోపలికి చేరాకే ఎవరికి వారు చేసుకోగలిగారు.

వేడికి ఇంత ప్రాధాన్యం ఎందుకో వెంట్రుక నిర్మాణమే చెబుతుంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ గొలుసులను పట్టి ఉంచే బంధాల్లో బలహీనమైనవి హైడ్రోజన్ బంధాలు, గట్టివి గంధకపు బంధాలు. నీళ్లు తగిలినా, వేడి తగిలినా హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. ఆరినప్పుడో చల్లారినప్పుడో వెంట్రుక ఏ ఒంపులో ఉంటే ఆ ఒంపులోనే మళ్లీ బిగుసుకుంటాయి. అంటే రింగు ఖాయమయ్యేది కాగేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు. గాలిలో తేమ తగిలితే బంధాలు మళ్లీ సడలి రింగు జారిపోతుంది. మరీ తక్కువ వేడికి ఒంపు నిలవదు, మరీ ఎక్కువైతే కెరటిన్ నిర్మాణమే చెడిపోతుంది. పొడి జుట్టులో ఆ ప్రమాదం 230 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటే, తడి జుట్టులో 150 దగ్గరే మొదలవుతుంది. తడి వెంట్రుకకు కాగిన ఇనుము తగిలితే లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి, అక్కడికక్కడే తెగిపోతుంది. చేయాల్సిన పని ఈ రెండు హద్దుల మధ్యే జరగాలి.

పాతకాలపు మనుషులకు ఈ హద్దుల శాస్త్రం తెలియకపోయినా, వాటిని దాటితే వచ్చే కమురు వాసన బాగా తెలుసు. రోమన్ల కాలమిస్ట్రమ్ అనే ఇనుప కడ్డీని వేడి బూడిదలో కాచి జుట్టు దాని చుట్టూ తిప్పేవారు. దాన్ని కాచి అందించడం ఒక బానిస ప్రత్యేక విధి అని రోమన్ రచయిత వర్రో రాసినదాన్ని బట్టి తెలుస్తుంది. కాచడమే ఒక మనిషి పని అయిందంటే కష్టం ఎక్కడుందో అర్థమవుతుంది. తర్వాతి శతాబ్దాల్లో యూరప్‌లో జుట్టు పాయలను కాగితంలో చుట్టి వేడి పట్టకారుతో నొక్కే పద్ధతి వచ్చింది. కాగితం వేడిని కొంత అడ్డుకునేది, కానీ ఎంత అడ్డుకుందో చెప్పేది కాదు. 1868లో వచ్చిన ‘లిటిల్ విమెన్’ నవలలో లూయిసా మే ఆల్కాట్ ఈ ప్రమాదాన్నే హాస్యంగా రాసింది. విందుకు ముందు జో తన అక్క మెగ్ ముంగురులను కాగితాల్లో చుట్టి పట్టకారు పెడితే, రింగులకు బదులు మాడిన వెంట్రుకలు ఊడి వస్తాయి. ఆనాటి అమెరికన్ పాఠకులు నవ్వుకున్నారంటే, అది చాలా ఇళ్లలో ఎరిగిన సంగతే అయి ఉండాలి. ఆ నవలకు రెండేళ్ల ముందు, 1866లో, హైరమ్ మాక్సిమ్ కర్లింగ్ ఐరన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత మాక్సిమ్ మెషిన్‌గన్‌తో పేరుపడ్డవాడు అతనే. పేటెంట్ వచ్చినంత మాత్రాన వేడి అంచనా ఎవరికీ సులువు కాలేదు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం పారిస్ నుంచి వస్తుంది. 1872లో మార్సెల్ గ్రాటో అనే క్షురకుడు పట్టకారు వాడకాన్నే మార్చేశాడు. ఒక చేయి గుండ్రని కడ్డీ, రెండో చేయి దాని మీద సరిగ్గా కూర్చునే గాడి. దీన్ని మణికట్టుతో తిప్పుతూ తల పొడవునా వరస అలలు తెచ్చేవాడు. ‘మార్సెల్ వేవ్’ యూరప్‌ను, అమెరికాను ఊపేసింది, 1920లలోనూ దాని మోజు తగ్గలేదు. ఇది ఆకారం సాధించిన విజయం కాదా అని అడగవచ్చు. అందం విషయంలో అవును, సులువు విషయంలో కాదు. మార్సెల్ ఇనుమును కూడా మంట మీదే కాచేవారు. వాడేముందు తెల్ల కాగితం మీద అద్ది చూసి, కాగితం గోధుమరంగుకు తిరిగితే ఇంకా చల్లారనిచ్చేవారు. థర్మామీటర్ ఆ కాగితమే, దాన్ని చదవడం శిష్యరికం చేసి నేర్చుకోవాల్సిన విద్య. అందుకే మార్సెల్ అల సెలూన్‌లో డబ్బు పెట్టి వేయించుకునేదే అయింది కానీ ప్రతి ఇంటి అద్దం ముందుకూ అంత తేలికగా రాలేదు.

తర్వాతి మలుపు ఈ సంగతిని మరింత తేటపరుస్తుంది. జర్మనీలోని టోట్నావ్‌లో పుట్టిన కార్ల్ నెస్లర్ లండన్‌లో స్థిరపడి, 1906 అక్టోబరులో శాశ్వతంగా నిలిచే ఒంపులను (పర్మ్) ప్రదర్శించాడు. క్షార ద్రావణం పూసిన పాయలను ఇత్తడి కడ్డీలకు చుట్టి, వాటిని పైనుంచి వేలాడే ఏర్పాటుతో మోయించి, గంటల తరబడి వేడి చేసేవాడు. మొదటి ప్రయోగాలు చేయించుకున్న కాథరీనా లైబ్లేకు జుట్టు కాలి తల కూడా బొబ్బలెక్కింది. ఆమే తర్వాత అతని భార్య. 1928లో మార్జరీ జాయ్‌నర్ అనే ఆఫ్రికన్ అమెరికన్ నిపుణురాలు పైకప్పు నుంచి వేలాడే అనేక కడ్డీలను ఒకేసారి కాచే యంత్రానికి పేటెంట్ పొందింది. ఆమె పనిచేసిన మేడమ్ సి.జె. వాకర్ కంపెనీకే దాని హక్కులు వెళ్లాయి. ఈ యంత్రాలు చేతి నేర్పును కొంత తగ్గించాయి, వేడి మీద నిఘాను మాత్రం తగ్గించలేదు. పక్కన నిపుణులు నిలబడాల్సిందే. 1930ల చివర్లో వేడి లేని ‘కోల్డ్ వేవ్’ రసాయనాలు వచ్చాకే పని మళ్లీ ఇంటికి చేరింది. ఇంట్లో వేసుకునే పర్మ్ అమ్మిన టోనీ కంపెనీని 1948లో జిలెట్ 2 కోట్ల డాలర్లకు కొన్నదంటే, పక్కన నిపుణులు లేకుండా చేసుకోవడానికి జనం ఎంత ఎదురు చూశారో తెలుస్తుంది.

కరెంటు వచ్చాక అంతా మారిందన్న మాట సగం నిజం. తొలి కరెంటు కర్లింగ్ ఐరన్లు బూడిదనూ మంటనూ తప్పించాయి, అంచనాను తప్పించలేదు. ప్లగ్గు పెట్టి ఉంచితే కాగుతూనే పోయే ఇనుము పొయ్యి మీది ఇనుము కంటే తెలివైనదేమీ కాదు. అసలు మార్పు థర్మోస్టాట్‌తో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పీటీసీ సిరామిక్ హీటర్లు మరో అడుగు ముందుకు వేశాయి. ఒక స్థాయికి కాగగానే ఆ సిరామిక్ నిరోధం ఒక్కసారిగా పెరిగి, కరెంటును తనే తగ్గించుకుంటుంది. 1960లలో డెన్మార్క్‌లో ఆర్నె బీబ్యెర్గ్ పెడెర్సెన్ కార్మెన్ కర్లర్లతో హాట్ రోలర్లను ఇంటింటి వస్తువు చేశాడు. ముందే కాచిన రోలర్‌ను జుట్టుకు చుట్టి వదిలేస్తే, అది చల్లారడమే తప్ప ఇంకా కాగేది లేదు. రింగు ఖాయమయ్యేది చల్లారేటప్పుడే గనుక ఈ పద్ధతి వెంట్రుక స్వభావానికి సరిగ్గా సరిపోతుంది.

అసలు వేడే వద్దంటే పోలా అనేవారి మాటలోనూ బలముంది. తడి జుట్టును జడలల్లి మర్నాడు విప్పితే ఒంపులు వస్తాయని తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. అది హైడ్రోజన్ బంధాలను నీటితో సడలించే పద్ధతే, దానికంటే సురక్షితమైనది లేదు. కానీ ఒంపు ఎంత, ఎక్కడ అన్నది మన చేతిలో ఉండదు, రాత్రంతా ఆగాలి. మరోవైపు, పాయను తనే లోపలికి లాక్కునే పరికరాలు వచ్చాయి కదా, ఇక లెక్కలెందుకు అంటారు. అవి చేతి తిప్పుడును తగ్గిస్తాయి, నిజమే. అయితే 230 డిగ్రీలకు కాగే ఆటోమేటిక్ పరికరం మాడ్చేదీ ఆటోమేటిక్‌గానే. 2018లో వచ్చిన డైసన్ ఎయిర్‌ర్యాప్ గాలి ప్రవాహంతో జుట్టును చుట్టుకుంటుంది. దాన్ని అమ్మేవారు సైతం చుట్టే వింతతో ఆగక, వేడి 150 డిగ్రీలు దాటదన్న మాటను ముందుకు తెస్తారు.

కాబట్టి మొదటి పరికరం కొనేవారు ముందు చూడాల్సింది బ్యారెల్ కాదు, డిగ్రీల అంకె. వేడిని అంకెల్లో చూపించి, తగ్గించుకునే వీలున్నది, మర్చిపోతే తనే ఆగిపోయేది కొనండి. ఒకే వేడి ఉండి అంకె చెప్పనిది ఎంత చవకైనా వద్దు. పలుచని జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 దగ్గర మొదలుపెట్టండి, ఒత్తు జుట్టుకు 180 వరకు వెళ్లవచ్చు, 200 దాటాల్సిన అవసరం చాలామందికి రాదు. లావు సంగతికొస్తే 25 నుంచి 32 మిల్లీమీటర్ల మధ్యది, క్లిప్పు ఉన్నది చేతికి లొంగుతుంది. చేయి కాలుతుందన్న భయం ఎక్కువైతే హాట్ రోలర్లతో మొదలుపెట్టడం మేలు. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తిప్పిన రింగును అరచేతిలో చల్లారేదాకా పట్టుకోవాలి, అప్పటిదాకా దువ్వెన తగలనివ్వకూడదు.